కంప్యూటర్ కబుర్లు: లాప్‌టాప్ పోతే పోయేది లాప్‌టాప్ ఒక్కటేనా?

గత సంచికలో పాస్‌వర్డుల గురించి చెప్పుకున్నాం. ఆ వ్యాసం చదివి చాలామంది ఫోన్లు చేశారు. పెళ్లిరోజునూ పిల్లల పేర్లనూ పాస్‌వర్డులుగా పెట్టుకున్న ఇద్దరు ముగ్గురు వెంటనే మార్చేశామని చెప్పారు. సంతోషం.

ఈసారి సంగతి మొన్నటి మన సంఘం వనభోజనాల దగ్గర మొదలైంది. ఊరి నుంచి కొత్తగా వచ్చి రోలాలో బెడ్ స్పేస్ తీసుకున్న ఒక కుర్రాడు పులిహోర ప్లేటు పట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. "అన్నా, ఇక్కడ కఫెటేరియాలో టేబుల్ మీద లాప్‌టాప్ వదిలేసి వెళ్లినా ఎవరూ ముట్టుకోరట కదా! నిజమేనా?" అని అడిగాడు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే అతను చెప్పింది చాలావరకు నిజమే. మాల్ ఫుడ్ కోర్టులో సీటు ఆపుకోవడానికి టేబుల్ మీద ఫోను పెట్టి వెళ్లేవాళ్లను మనం రోజూ చూస్తూనే ఉంటాం. టాక్సీలో మర్చిపోయిన పర్సు మర్నాడు ఇంటికి చేరిన కథలు మన ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉంటుంది. ఈ దేశం మనకు ఇచ్చిన నిశ్చింత చిన్నది కాదు. అయితే ఆ నిశ్చింతే మన చేతిలోని జాగ్రత్తను మెల్లగా జార్చేస్తుంది. నూటికి తొంభై తొమ్మిది సార్లు ఏమీ కాదు. మిగిలిన ఆ ఒక్కసారి ఏమవుతుందో నాకు తెలుసు. ఇన్నాళ్లూ ఈ శీర్షికలో ఎప్పుడూ రాయని ఆ కథ ఇవాళ చెబుతాను.

రోలాలో ఒక శుక్రవారం

రోలా అన్న పేరు ఎలా వచ్చిందో పిల్లలకు చాలామందికి తెలియదు. ఇక్కడ ఒకప్పుడు ఒక పెద్ద మర్రిచెట్టు ఉండేది. ఇక్కడివాళ్లు దాన్ని 'రోలా' అనేవారు. ఒకటిన్నర శతాబ్దం పాటు ఊరి జనానికి నీడనిచ్చిన ఆ చెట్టు 1978లో కూలిపోయింది. దాని గుర్తుగానే రోలా స్క్వేర్‌లో చెట్టు ఆకారంలో ఆ స్మారకం కట్టారు. చెట్టు పోయినా మనవాళ్లకు మాత్రం రోలా రచ్చబండగానే మిగిలింది. శుక్రవారం సాయంత్రమైతే చాలు, లేబర్ క్యాంపుల నుంచి, బెడ్ స్పేసుల నుంచి జనం అక్కడికి చేరి ఊరి కబుర్లు చెప్పుకునేవారు.

నేను 2005లో ఎం.సి.ఏ. సర్టిఫికెట్ పట్టుకుని షార్జా వచ్చాను. ఉద్యోగం దేరాలో, మంచం రోలాలో. ఒక గదిలో ఆరుగురం ఉండేవాళ్లం. మరుసటి ఏడాది జైటెక్స్ షాపర్‌లో రెండు గంటలు క్యూలో నిలబడి 3,800 దిర్హాములకు నా మొదటి లాప్‌టాప్ కొన్నాను. అది నా నెల జీతం కంటే ఎక్కువ. గదిలో చోటు లేక దాని అట్టపెట్టెను ఆ రాత్రే కింద చెత్తకుండీలో పడేశాను. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఆ ఏడాది సెలవుకి ఊరు వెళ్లినప్పుడు చిన్న వాయిస్ రికార్డర్ ఒకటి పట్టుకెళ్లాను. కాకినాడ దగ్గర మా ఊళ్లో, మా ఇంటి అరుగు మీద నానమ్మను కూర్చోబెట్టి, చిన్నప్పుడు మాకు చెప్పిన కథలన్నీ మళ్లీ చెప్పించుకున్నాను. రోజుకొకటి చొప్పున పదకొండు కథలు. మధ్యలో దగ్గు, పక్కింటి కోడి కూత, "ఆ డబ్బాలో ఇదంతా ఎలా పడుతుందిరా?" అన్న ప్రశ్న, అన్నీ అందులో ఉన్నాయి. వాటన్నిటినీ లాప్‌టాప్‌లోకి ఎక్కించి, రికార్డర్‌ను ఖాళీ చేసేశాను. 2007 ఏప్రిల్‌లో నానమ్మ పోయింది. టిక్కెట్టు దొరక్క నేను వెళ్లలేకపోయాను. ఆ తర్వాత చాలా రాత్రులు చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆ కథలు వింటూ నిద్రపోయేవాడిని.

అదే ఏడాది అక్టోబరులో ఒక శుక్రవారం సాయంత్రం రోలాలో ఒక కఫెటేరియాలో కూర్చున్నాను. పరోటా తిన్నాను, టీ చెప్పాను. లాప్‌టాప్ బ్యాగు పక్క కుర్చీలో ఉంది. ఇంటి నుంచి నాన్నగారి ఫోన్ వచ్చింది. లోపల గోలగా ఉంది, మాట వినపడటం లేదు. బ్యాగు అక్కడే ఉంచి ఫుట్‌పాత్ మీదకు వచ్చాను. మాట్లాడింది ఐదు నిమిషాలు. తిరిగి వెళ్లేసరికి టీ వచ్చి ఉంది, బ్యాగు లేదు.

కౌంటర్‌లో ఉన్న మలయాళీ చేట్టన్ నాకంటే ఎక్కువ కంగారుపడ్డాడు. "నీ వెనకాలే ఒకతను బ్యాగు తీసుకుని బయటకు వచ్చాడు. నీ స్నేహితుడు, నీకు ఇవ్వడానికి తెస్తున్నాడు అనుకున్నా!" అన్నాడు. ఎంత సులువో చూడండి! పరుగు లేదు, పెనుగులాట లేదు. మన వస్తువును తనదన్నంత ధీమాగా పట్టుకుని నడిచి వెళ్లిపోయాడంతే.

పోలీసు స్టేషన్‌కు వెళ్లాను. అక్కడి అధికారి మర్యాదగా కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చాడు. కంపెనీ ఏది, రంగు ఏది అని అడిగి రాసుకున్నాడు. తర్వాత "సీరియల్ నంబర్?" అన్నాడు. నా దగ్గర లేదు. "బిల్లు?" అన్నాడు. బిల్లు బ్యాగులోనే ఉంది. "పెట్టె మీద ఉంటుంది, పెట్టె తీసుకురా" అన్నాడు. పెట్టె ఏమైందో మీకు తెలుసు. ఆయన కలం కింద పెట్టి, "నలుపు రంగు లాప్‌టాప్ అంటే ఏదని వెతకమంటావు?" అని అడిగాడు. కంప్యూటర్లలో మాస్టర్ డిగ్రీ చేసిన నేను ఆ రోజు తల దించుకుని కూర్చున్నాను.

ఆ లాప్‌టాప్ మళ్లీ దొరకలేదు. ఇంకో ఏడాదికి ఇంకోటి కొన్నాను. నానమ్మను మాత్రం ఎక్కడ కొనుక్కోను?

పెద్దవాళ్లకూ తప్పలేదు

నా మతిమరుపును సమర్థించుకోవడానికి కాదుగానీ, ఈ విషయంలో మహామహులే దెబ్బతిన్నారు. క్వాల్‌కామ్ సంస్థ అధిపతి అర్విన్ జేకబ్స్ 2000 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని ఇర్వైన్‌లో ఒక హోటల్లో పత్రికా సంపాదకుల సమావేశంలో మాట్లాడారు. ప్రసంగం అయ్యాక కొన్ని అడుగుల దూరంలో నిలబడి నలుగురితో మాట్లాడుతుండగానే ఆయన లాప్‌టాప్ మాయమైంది. సంస్థ రహస్యాలు ఎన్నో అందులో ఉన్నాయని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి.

2006 మే నెలలో అమెరికా మాజీ సైనికుల సంక్షేమ శాఖ ఉద్యోగి ఒకరి ఇంట్లో దొంగలు పడి లాప్‌టాప్‌నూ, దానితో పాటు ఒక హార్డ్ డిస్కునూ ఎత్తుకెళ్లారు. వాటిలో 2 కోట్ల 65 లక్షల మంది పేర్లు, పుట్టిన తేదీలు, సోషల్ సెక్యూరిటీ నంబర్లు ఉన్నాయి. ఎవరికీ అర్థం కాకుండా సంకేత భాషలోకి మార్చే ఏర్పాటేదీ అందులో లేదు. ఆ రెండూ జూన్ చివరకు దొరికాయి. సమాచారం ఎవరూ చూసిన జాడ లేదని దర్యాప్తు చేసినవాళ్లు చెప్పారు. అయినా దావాలు ఆగలేదు. చివరకు 2009లో ప్రభుత్వం 2 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీ చేసుకుంది. లాప్‌టాప్ ఖరీదు వెయ్యి డాలర్లు ఉంటుందేమో! పోయిన దాని విలువ లోపల ఉన్నదాన్ని బట్టి ఉంటుంది, ఈ కథల నీతి అదే.

ఎక్కడెక్కడ జాగ్రత్త?

కఫెటేరియా, ఫుడ్ కోర్టు: బ్యాగును పక్క కుర్చీలో కాకుండా కాళ్ల మధ్య పెట్టుకోండి. దాని పట్టీలోంచి కుర్చీ కాలునో, మీ కాలునో దూర్చండి. లాగితే మీకు తెలియాలి, అంతే. ఫోన్ వచ్చినా, చేతులు కడుక్కోవడానికి లేచినా బ్యాగు మీతోనే రావాలి. "కాస్త చూస్తూ ఉండండి" అని పక్క టేబుల్ వాళ్లకు అప్పగించడం మనకు అలవాటు. వాళ్లు ఎవరో మనకు తెలియదు కదా! దొంగ చేతికి తాళాలు ఇచ్చినట్లు కాకూడదు.

బస్సు, మెట్రో: జుబైల్ బస్ స్టేషన్ నుంచి దుబాయి వెళ్లే బస్సులో కూర్చోగానే కళ్లు మూతలు పడతాయి. తప్పు మనది కాదు, ట్రాఫిక్‌ది! నిద్ర వస్తే బ్యాగును ఒళ్లో పెట్టుకుని పట్టీ చేతికి చుట్టుకోండి. రద్దీ మెట్రోలో వీపున ఉన్న బ్యాగును ముందుకు తిప్పుకోండి.

కారు: రోలాలో పార్కింగ్ దొరకడమే ఒక విజయం. ఆ సంబరంలో వెనక సీటు మీద బ్యాగు వదిలేస్తాం. అద్దంలోంచి అది పోయేవాడికీ వచ్చేవాడికీ కనిపిస్తూనే ఉంటుంది. డిక్కీలో పెట్టాలంటే బయలుదేరే చోటే పెట్టండి. పార్క్ చేశాక అందరి ముందూ డిక్కీ తెరిచి బ్యాగు పెట్టి వెళ్తే, ఎక్కడుందో మనమే చూపించినట్లు అవుతుంది. పైగా మన జూలై ఎండలో మూసిన కారు కొలిమి లాంటిది. దొంగ వదిలేసినా ఎండ వదలదు, బ్యాటరీ పాడవుతుంది.

విమానాశ్రయం: పిల్లలతో వెళ్లే కుటుంబాలకు అసలు పరీక్ష సెక్యూరిటీ తనిఖీ దగ్గరే. లాప్‌టాప్ ట్రేలో పెట్టేస్తాం, అది అవతలకు వెళ్లిపోతుంది. మనమేమో చిన్నవాడి బూట్లు విప్పుతూ ఇవతలే ఉండిపోతాం. అందుకని ఇంట్లో ఒకరు ముందు అవతలకు వెళ్లాలి. తర్వాత పిల్లలు, చివరకు రెండోవాళ్లు. మీరు నడిచి వెళ్లడానికి సిద్ధమయ్యాకే ట్రేను ముందుకు తోయండి. ఒకే రకం లాప్‌టాపులు పది ఉంటాయి కాబట్టి మూత మీద పిల్లల చేత ఒక రంగు స్టిక్కర్ అంటించండి. పొరపాటున మారిపోయేవే ఎక్కువ.

లాప్‌టాప్‌ను చెక్-ఇన్ సూట్‌కేసులో వేయకండి. 2017 మార్చిలో దుబాయి, అబుదాబీతో సహా పది విమానాశ్రయాల నుంచి నేరుగా వచ్చే విమానాల్లో ప్రయాణికులు లాప్‌టాప్ వెంట పెట్టుకోకూడదని అమెరికా నిషేధించిన సంగతి కొందరికి గుర్తుండే ఉంటుంది. జూలై మొదట్లో మన రెండు విమానాశ్రయాలకూ అది తొలగింది. ఆ మూడు నెలల పైచిలుకు కాలం ఉద్యోగాల మీద తిరిగేవాళ్లు పడిన బాధ అంతా ఒక్కటే, "నా మిషన్ నా కంటి ముందు లేదు" అని.

మన రైళ్లు: ఇక్కడి ధీమాను మనం ఊరికి కూడా మోసుకెళ్తాం. విజయవాడ ప్లాట్‌ఫారం మీద గొలుసులు అమ్మేవాళ్లను చూసి నవ్వుకోకండి, ఒకటి కొనండి. లోయర్ బెర్తు కింద ఉన్న రింగులు అందుకే. సూట్‌కేసుకు గొలుసు వేసి, లాప్‌టాప్ బ్యాగును మాత్రం తలవైపు పెట్టుకుని పడుకోండి. తలుపు దగ్గరున్న ప్లగ్గులో చార్జింగ్ పెట్టి బెర్తులోకి వచ్చి పడుకోవడం అసలు వద్దు. పోతే టీటీఈకి గానీ, 139 నంబరుకు గానీ వెంటనే చెప్పండి. ఫిర్యాదు ఫారం టీటీఈ దగ్గర కూడా దొరుకుతుంది, మధ్యలో రైలు దిగక్కర్లేదు.

వస్తువుకు తాళం

చాలా లాప్‌టాపుల పక్కన చిన్న చీలిక లాంటి రంధ్రం ఒకటి ఉంటుంది. అది ఎందుకో తెలియక పదేళ్లు వాడినవాళ్లు ఉన్నారు. ఉక్కు తీగతో ఉండే తాళాన్ని అందులో బిగించి, తీగను టేబుల్ కాలికి చుట్టడానికి అది. కెన్సింగ్టన్ అనే కంపెనీ 1992లో తెచ్చింది కాబట్టి ఆ పేరుతోనే పిలుస్తారు. లైబ్రరీలో చదువుకునే పిల్లలకూ, ఎగ్జిబిషన్లలో స్టాల్ పెట్టేవాళ్లకూ ఇది బాగా పనికొస్తుంది. పల్చటి కొత్త మోడళ్లలో కొన్నింటికి ఈ రంధ్రం ఉండదు, కొనేముందు చూసుకోండి. పనిముట్లు పట్టుకుని తీరిగ్గా కూర్చునే దొంగను ఈ తాళం ఆపలేదు. కానీ మన కఫెటేరియా దొంగ లాంటివాణ్ణి, అంటే నడిచి వెళ్తూ తీసుకుపోయేవాణ్ణి, బాగానే ఆపుతుంది.

బ్యాగు మీద పెద్ద కంపెనీ ముద్ర ఉంటే లోపల ఏముందో చెప్పకనే చెప్పినట్లు. మామూలు కాలేజీ బ్యాగులో మెత్తటి కవరు వేసి లాప్‌టాప్ పెట్టుకోవడం మంచిది.

లోపలి దానికి తాళం

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు పడతారు. "నా లాప్‌టాప్‌కు పాస్‌వర్డ్ ఉంది కదండీ!" అంటారు. తాళం వేసితిమి గొళ్ళెం మరిచితిమి అన్నట్లు ఉంటుంది ఇది. ఆ పాస్‌వర్డ్ విండోస్ గుమ్మానికే. లోపల ఉన్న డిస్కును ఊడదీసి ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తే, మీ గుమ్మంతో పని లేకుండానే ఫోటోలు, పాస్‌పోర్టు స్కాన్లు, జీతం కాగితాలు అన్నీ బయటకు వస్తాయి. చాలా మోడళ్లలో ఇది పదిహేను నిమిషాల పని.

దీనికి మందు ఎన్‌క్రిప్షన్. అంటే డిస్కులో ఉన్నదంతా తాళంచెవి లేకుండా చదవలేని గజిబిజిగా మార్చి పెట్టడం. విండోస్ ప్రో రకాల్లో దీన్ని బిట్‌లాకర్ అంటారు. మామూలు హోమ్ రకంలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డివైస్ ఎన్‌క్రిప్షన్ ఉందేమో చూడండి. ఉంటే ఆన్ చేయండి. యాపిల్ వాళ్లు సిస్టమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద ఫైల్‌వాల్ట్ ఆన్ చేసుకోవాలి. పైసా ఖర్చు లేదు.

ఒక్క హెచ్చరిక. బిట్‌లాకర్‌కు 48 అంకెల రికవరీ కీ ఒకటి ఉంటుంది. ఎప్పుడైనా మిషన్ దాన్ని అడగవచ్చు. అది లేకపోతే మీ సమాచారం మీకే దక్కదు. దాన్ని కాగితం మీద రాసి ఇంట్లో పాస్‌పోర్టులు దాచే చోటే దాచండి. లాప్‌టాప్ బ్యాగు జేబులో మాత్రం పెట్టకండి!

ఇంకో మాట. తెరిచి ఉన్న లాప్‌టాప్‌ను అలాగే ఎత్తుకుపోతే ఎన్‌క్రిప్షన్ కూడా ఏమీ చేయలేదు. కుర్చీలోంచి లేచే ముందు విండోస్ బటన్‌ను, ఎల్ అక్షరాన్ని కలిపి నొక్కండి. తెర మూతపడుతుంది. ఇంట్లో పిల్లలకు ఇది ఆటలా నేర్పండి, నెల రోజుల్లో వాళ్లే మనకు గుర్తు చేస్తారు.

అలాగే ఫైండ్ మై డివైస్ అనే ఏర్పాటు పోకముందే ఆన్ చేసి ఉండాలి. పోయాక ఆన్ చేద్దామంటే కుదరదు. విండోస్‌లో అది చివరిసారి ఎక్కడుందో చూపిస్తుంది, దూరం నుంచి తాళం వేయనిస్తుంది. యాపిల్‌లో అయితే లోపలి సమాచారాన్ని దూరం నుంచే చెరిపేయవచ్చు కూడా.

అన్నట్టు, విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంకా దాని మీదే ఉన్నవాళ్లు మారే ఆలోచన చేయండి.

మూడు చోట్ల ఉండాలి

ఇప్పటివరకు చెప్పినవి దొంగ నుంచి కాపాడేవి. నేను పోగొట్టుకున్నదాన్ని కాపాడగలిగేది ఒక్కటే, ఇంకో కాపీ. మా వృత్తిలో దీనికో లెక్క ఉంది, మూడు, రెండు, ఒకటి. ముఖ్యమైనది ఏదైనా మూడు కాపీలు ఉండాలి. కనీసం రెండు వేర్వేరు రకాల వస్తువుల మీద ఉండాలి. ఒకటైనా వేరే చోట ఉండాలి.

ప్రవాసులకు ఆ 'వేరే చోటు' వెతుక్కోనక్కర్లేదు. ఒక కాపీ లాప్‌టాప్‌లో, ఒక కాపీ ఇక్కడి ఇంట్లో హార్డ్ డిస్కు మీద, ఒక కాపీ ఊళ్లో అమ్మ బీరువాలో పట్టుచీరల కింద. ఏటా సెలవుకి వెళ్లేటప్పుడు కొత్త డిస్కు ఇచ్చి, పాతది తెచ్చుకోండి. క్లౌడ్‌లో పెట్టుకునేవాళ్లకు అది కూడా ఒక కాపీయే. కానీ లాప్‌టాప్‌నూ, హార్డ్ డిస్కునూ ఒకే బ్యాగులో వేసుకుని తిరిగితే అవి రెండు కాపీలు కావు, ఒకటే. దొంగకు రెండూ ఒకేసారి దొరుకుతాయి.

ఈ రాత్రే చేయవలసిన పని

పత్రిక పక్కన పెట్టి లాప్‌టాప్ తిరగేయండి. కింద స్టిక్కర్ మీద సీరియల్ నంబరు ఉంటుంది. యాపిల్‌లో అయితే పైన యాపిల్ గుర్తు నొక్కి, అబౌట్ దిస్ మ్యాక్ చూడండి. ఆ నంబరునూ, కొన్న బిల్లునూ ఫోటో తీసి మీ ఆయనకో, మీ ఆవిడకో పంపండి. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు లేకే నేను పోలీసు స్టేషన్‌లో తల దించుకున్నాను.

పోతే ఏం చేయాలి?

కంగారుపడకుండా ఈ వరుసలో చేయండి.

1. ముందు ఆ చోటులోనే అడగండి. సెక్యూరిటీ వాళ్లకూ, కౌంటర్‌లోనూ చెప్పండి. ఎవరైనా తీసి దాచి ఉండవచ్చు. దుబాయి బస్సు, మెట్రో, టాక్సీలలో మర్చిపోతే ఆర్టీఏ నంబరు 800 9090.

2. పోలీసులకు చెప్పండి. షార్జాలోనూ, దుబాయిలోనూ అత్యవసరానికి 999, మామూలు ఫిర్యాదులకు 901. సీరియల్ నంబరు, బిల్లు, ఎమిరేట్స్ ఐడి దగ్గర పెట్టుకోండి. ఆ ఫిర్యాదు కాగితం ఆఫీసుకూ, ఇన్సూరెన్సుకూ కావాలి.

3. ఫోన్ నుంచి వెంటనే ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చండి. మిగతా వాటన్నిటికీ తాళంచెవి ఈమెయిలే. తర్వాత బ్యాంకు. ఆ తర్వాత వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్‌లోకి వెళ్లి లాప్‌టాప్‌ను తీసేయండి. చాలామంది ఇది మర్చిపోతారు.

4. ఆఫీసు లాప్‌టాప్ అయినా, మీ సొంత దానిలో ఆఫీసు కాగితాలున్నా ఆ గంటలోనే మేనేజర్‌కు చెప్పండి. నేను భయపడి రెండు రోజులు దాచాను. పోగొట్టినందుకు ఆయన ఏమీ అనలేదు, దాచినందుకు మాత్రం గట్టిగానే అన్నారు.

5. మ్యాపులో ఎక్కడుందో కనిపించినా మీరే వెతుక్కుంటూ వెళ్లకండి. ఆ వివరం పోలీసులకు ఇవ్వండి. అలాగే సీసీ కెమెరాలో పడిన మనిషి ఫోటో సంపాదించి "వీడే దొంగ" అని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. 2021 నాటి 34వ నంబరు సైబర్ నేరాల చట్టం ప్రకారం ఒకరి ఫోటో వారి అనుమతి లేకుండా అలా పంచడం ఇక్కడ నేరం కావచ్చు. వస్తువు పోగొట్టుకున్నవాడే కేసులో ఇరుక్కోవడం ఎందుకు?

ఇంకొకటి. సగం ధరకు, బిల్లు లేకుండా ఎవరైనా లాప్‌టాప్ అమ్మజూపితే కొనకండి. మీకు లాభంగా కనిపించేది ఇంకొకరి నానమ్మ కావచ్చు.

పిల్లల కోసం

పిల్లలూ, మీకు మూడే మాటలు. మొదటిది, అమ్మానాన్న లేచినప్పుడల్లా "బ్యాగు?" అని అడగండి. ఆ ఉద్యోగం మీదే! రెండోది, బడిలో లాప్‌టాప్ వదిలి ఆటకు వెళ్లేటప్పుడు లాకర్‌లో పెట్టి తాళం వేయండి. మూడోది, ఎక్కడైనా ఎవరిదో లాప్‌టాప్ దొరికితే తెరవవద్దు, ఇంటికి తేవద్దు. పెద్దవాళ్లకు చెప్పి సెక్యూరిటీకో, పోలీసులకో అప్పగించండి. దొరికిన వస్తువును ఉంచేసుకోవడం ఈ దేశంలో నేరం. అంతకన్నా ముఖ్యం, దాని కోసం ఎవరో ఎక్కడో ఏడుస్తూ ఉంటారు.

మిగిలిన మూడు

కథ పూర్తిచేసి సెలవు తీసుకుంటాను. లాప్‌టాప్ పోయిన రెండేళ్లకు కాకినాడలో మా మేనత్త ఇంటికి వెళ్లాను. భోజనాలయ్యాక ఆవిడ టీవీ కింద డ్రాయర్‌లోంచి ఒక సి.డి. తీసి, "ఇది నువ్వు ఇచ్చిందేరా, మీ నానమ్మ గొంతు" అంది. నాకు ఒళ్లు జలదరించింది. రికార్డు చేసిన వారంలోనే ఆవిడ అడిగితే ఒక సి.డి. రాసి ఇచ్చిన సంగతి పూర్తిగా మర్చిపోయాను. ఆడియో సి.డి.లో 80 నిమిషాలే పడుతుంది. అందుకని మూడు కథలే రాశాను. నేను కావాలని చేసిన జాగ్రత్త కాదది, మేనత్త మాట తీసేయలేక చేసిన పని.

ఆ మూడూ ఇప్పుడు నాలుగు చోట్ల ఉన్నాయి. షార్జాలో పుట్టిన మా అమ్మాయికి ఆ మూడు కథలూ కంఠస్థం. కోడి కూసే చోటు కూడా తనకు తెలుసు. మొన్న "నాన్నా, మిగతా ఎనిమిదీ ఏం కథలు?" అని అడిగింది. ఎంత ఆలోచించినా రెండింటి పేర్లే గుర్తొచ్చాయి.

వనభోజనాల దగ్గర ఆ కుర్రాడికి చివరకు నేను చెప్పింది ఇదే. "ఇక్కడ దొంగలు తక్కువే తమ్ముడూ. కానీ నీ లాప్‌టాప్‌లో ఏముందో ముందు చూసుకో. అందులో ఇంకెక్కడా లేనిది ఒక్కటున్నా, టీ తాగే ముందు దానికి ఇంకో కాపీ తీసి పెట్టు." అతను పులిహోర ప్లేటు పక్కన పెట్టి, ఫోన్ తీసి వాళ్ల అమ్మకు ఏదో మెసేజ్ పెట్టుకున్నాడు.

వచ్చే సంచికలో పాత క్యాసెట్లను, వీడియో టేపులను కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవడం ఎలాగో చెప్పుకుందాం. అంతవరకు సెలవు.